పాత చిన్న కారులో పవర్ స్టీరింగ్ మొరాయిస్తే: ముందు వైరింగ్ పరీక్షించండి ఇలా

ఆల్టో, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి చిన్న కార్లలో పవర్ స్టీరింగ్‌కు ఆయిల్ ఉండదు. స్టీరింగ్ కాలమ్‌కు బిగించిన మోటారు బ్యాటరీ కరెంటుతో చక్రం తిప్పడానికి సాయపడుతుంది. పాత శాంత్రో సంగతి వేరు: దానిది బెల్టుతో తిరిగే ఆయిల్ పంపు. అందులో ఆయిల్ మట్టం, బెల్టు బిగువు, పైపుల లీకేజీ చూసుకోవాలి.

పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఈ మోటారు 30 ఆంపియర్లకు పైనే లాగుతుంది. రెండు హెడ్‌లైట్లు కలిపి లాగేది 10 ఆంపియర్ల లోపే. అందుకే ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపేది) తుప్పు పట్టినా లైట్లు మామూలుగానే వెలుగుతాయి, స్టీరింగ్ మాత్రం బరువెక్కుతుంది. "కాలమ్ అసెంబ్లీ పోయింది, మార్చాలి" అని షెడ్డులో ఎవరైనా అంటే, లోడు మీద, అంటే స్టీరింగ్ తిప్పుతుండగా, వోల్టేజీ చూశారా అని అడగండి. చూడకపోతే డబ్బు తీయొద్దు.

ముందు లక్షణం సరిగా గమనించండి. చాలా కార్లలో కీ ఆన్ చేయగానే ఈపీఎస్ (ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్) లైటు వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోతుంది. లైటు ఆరకుండా స్టీరింగ్ బరువుగా ఉంటే లోపం కరెంటు వైపు. లైటు ఆరినా బరువుగానే ఉంటే టైర్లలో గాలి, కాలమ్ కింద ఉండే యూనివర్సల్ జాయింట్, బాల్ జాయింట్లు, రాక్ చూడాలి. ఐడిల్‌లో ఏసీ వేసి తిప్పినప్పుడే లైటు వచ్చి, ఆక్సిలరేటర్ కొంచెం తొక్కగానే స్టీరింగ్ తేలికైతే బ్యాటరీ, డైనమో, ఎర్త్‌లలో ఒకటి బలహీనమైనట్టే. స్టీరింగ్‌తో పాటు స్పీడోమీటర్ ముల్లు కూడా పడిపోతే గేర్‌బాక్స్ మీది స్పీడ్ సెన్సర్ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) చూడండి, ఎందుకంటే ఎంత సాయం ఇవ్వాలో కంట్రోల్ యూనిట్ వేగాన్ని బట్టి నిర్ణయిస్తుంది.

బ్యాటరీ పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంటే ఫుల్ చార్జి, 12.2 కంటే తక్కువైతే చార్జింగు పెట్టాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక గీకి మెరిసేలా చేయండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. బిగించాక పైన వాజిలీన్ పూస్తే చాలు.

ఇక అసలు పరీక్ష వోల్టేజ్ డ్రాప్, అంటే కరెంటు పారేటప్పుడు వైర్లలో, జాయింట్లలో ఎంత వోల్టేజీ పోతుందో కొలవడం. దీనికి మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి లాభం లేదు. నలభై తీగల వైరులో ఒక్క తీగ మిగిలినా మీటరు దాదాపు సున్నానే చూపిస్తుంది. ఒక జాయింటులో 0.05 ఓమ్ నిరోధం ఉందనుకోండి, మామూలు మీటరుకు అది చిక్కదు. కానీ 40 ఆంపియర్లు పారితే అక్కడే 2 వోల్టులు పోతాయి. 13 వోల్టులు బయలుదేరితే యూనిట్‌కు చేరేది 11.

పద్ధతి ఇదీ. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచండి. మీటరు డీసీ 2 వోల్టుల రేంజిలో పెట్టండి. ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ సీసపు పోస్టు మీద ఆనించండి, క్లాంపు మీద కాదు. రెండో పిన్ను ఈపీఎస్ యూనిట్ ఎర్త్ బోల్టు మీద పెట్టి, ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. 0.2 వోల్టుల లోపు వస్తే సరే. అంతకంటే ఎక్కువైతే దారిని ముక్కలుగా కొలవండి: పోస్టు నుంచి క్లాంపు, క్లాంపు నుంచి బాడీ బోల్టు, బాడీ నుంచి ఇంజిన్ బ్లాకు. ఎక్కడ రీడింగు ఎగిరితే అదే చెడ్డ చోటు. ఇంజిన్ నడిచేటప్పుడు కరెంటు వచ్చేది డైనమో నుంచి, దాని ఎర్త్ ఇంజిన్ బ్లాకే. కాబట్టి బాడీకీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న జడ వైరును వదిలేయకండి. మైనస్ గుర్తు వచ్చినా పట్టించుకోనక్కర్లేదు, అంకె చూడండి.

పాజిటివ్ వైపు కూడా ఇంతే: బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి యూనిట్‌కు వెళ్లే లావు వైరు వరకు. కప్లర్ వెనక నుంచి పిన్ను దూర్చండి, వైరు తొడుగును గుచ్చి చూడొద్దు, ఆ రంధ్రంలోంచి తేమ దిగి రాగి పచ్చబడుతుంది. అర వోల్టు దాటితే బానెట్ కింది పెద్ద ఫ్యూజు కాళ్లు, దాని బోల్టులు చూడండి. ఫ్యూజు తెగకుండానే కాలు నల్లబడి, పక్క ప్లాస్టిక్ కరిగి ఉండొచ్చు. స్టీరింగ్‌ను చివరికంటా తిప్పి పట్టుకుని ఉండకండి, అయిదు సెకన్లు చాలు. మోటారు వేడెక్కితే యూనిట్ తనంతట తానే సాయం తగ్గిస్తుంది, అది లోపం కాదు.

కాలమ్ కింద చెయ్యి పెట్టే ముందు ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో కీ తీసి, నెగటివ్ విప్పి, కొన్ని నిమిషాలు ఆగండి. పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి టెస్ట్ ల్యాంపుతో వెళ్లొద్దు. తర్వాత డ్యాష్ కింద తెలియని చేతులు పెట్టిన జాయింట్లు వెతకండి: స్టీరియో, రివర్స్ కెమెరా, ఫాగ్ లైట్లు. వాటి ఎర్త్‌ను ఈపీఎస్ ఎర్త్ బోల్టుకే తగిలించడం మామూలే. తీసి వేరే బోల్టుకు ఇవ్వండి. ఎలుకలు కొరికిన వైరును మెలిపెట్టి టేపు చుడితే ఎండాకాలానికి జిగురు కారి ఊడుతుంది. అదే మందం వైరు వేసి, క్రింపు చేసి, హీట్ ష్రింక్ ట్యూబు తొడగండి. ఫ్యూజు తెగితే దాని రేటింగే వేయాలి. పెద్దది వేస్తే తర్వాత కాలేది వైరు.

ఇవన్నీ సరిగ్గా ఉండి లైటు ఇంకా వెలుగుతుంటే అప్పుడు లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. ఫోనుకు కలిపే చవక ఓబీడీ పరికరాలు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, ఈపీఎస్ కోడ్లు చదివే స్కానర్ కావాలి. టార్క్ సెన్సర్ (చక్రాన్ని ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచేది) కోడ్ వస్తే దాని కప్లర్ విప్పి పిన్నులు శుభ్రం చేసి, కోడ్ చెరిపి మళ్లీ చూడండి. అదే కోడ్ మళ్లీ వస్తే అప్పుడు కాలమ్ మార్చడం సబబు. మార్చాక సెన్సర్ క్యాలిబ్రేషన్ చేయించకపోతే స్టీరింగ్ ఒక పక్కకు లాగొచ్చు.