స్వచ్ఛంద సంస్థలకు విరాళాల సలహాదారుగా సొంత పని – 3వ పాఠం: ఫీజు ఎలా అడగాలి?

కిందటి పాఠంలో సంస్థ కాగితాలు చూడడం నేర్చుకున్నాం. కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టే డబ్బే సీఎస్ఆర్. అది తీసుకోవడానికి సంస్థ ప్రభుత్వం దగ్గర నమోదై తెచ్చుకునేది సీఎస్ఆర్-1 నంబరు. అది లేని సంస్థకు 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలు ఈ డబ్బు ఇవ్వడానికి లేదు. అది చూసుకోకపోతే విరాళం అడుగుతూ ప్రతిపాదన ఎంత బాగా రాసినా దండగే. ఇప్పుడు డబ్బు మాట. మనలో చాలామందికి నోరు పెగలనిది ఇక్కడే.

నేను ఒడిశాలోని రాయగడలో పని మొదలుపెట్టిన కొత్తలో ఒక చిన్న ట్రస్టు కార్యదర్శి, రిటైరైన మేస్టారు, టీ తెప్పించి అన్నారు: "అమ్మా, మా దగ్గర ఇప్పుడేం లేదు. నువ్వు తెప్పించినదాంట్లో పది శాతం తీసుకో." నాకూ బాగానే ఉందనిపించింది. కొండ ఊళ్ల ఆడవాళ్లు చోళ్లు (రాగులు, ఒరియాలో మాండియా) పిండి పట్టి అమ్ముకునే పథకం అది. నా పది శాతం కూడా కలిపి ఎనిమిది లక్షలకు బడ్జెట్ వేశాం. కంపెనీ అధికారి ఒక్కో వరసా వేలితో చూసుకుంటూ వచ్చి, 'ఇతర ఖర్చులు 80,000' దగ్గర ఆగాడు. "ఇదేంటి?" మేస్టారు నావైపు చూశారు. నేను గోడ మీది కేలండర్ చూశాను. ఆ వరస కొట్టేశారు. ఊళ్లోకి పిండిమర వచ్చింది. ఏడు నెలలు తిరిగిన నాకు బస్సు చార్జీలు కూడా రాలేదు. తప్పు మేస్టారిది కాదు, నాది.

దాత డబ్బిచ్చింది పిండిమరకి. అందులో మన వాటా ఏ పద్దులో రాస్తారు? విదేశీ విరాళమైతే ఇంకా ఇరుకు. పరిపాలన ఖర్చులకు అంతకుముందు 50 శాతం దాకా వాడుకోనిచ్చేవారు, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో 20 శాతానికి దించారు. విరాళాల సేకరణ వృత్తిలో ఉన్నవాళ్ల అంతర్జాతీయ సంఘం ఏఎఫ్‌పీ కూడా తన నియమావళిలో శాతం మీద ఫీజు తీసుకోవద్దంటుంది. పైగా శాతం మీద పనిచేసేవాడి కన్నెప్పుడూ పెద్ద అంకె మీదే. మూడు ఊళ్లకే సరిపడా మనుషులున్న ట్రస్టు చేత పది ఊళ్లు రాయిస్తాడు.

అందుకని రోజు లెక్క కట్టండి. ఇంటికి నెలకు 30,000 కావాలి, ఫోను, ప్రయాణాలు, ప్రింట్లకు 6,000 అనుకుందాం. నెలకు ముప్పై రోజులున్నా డబ్బొచ్చే పని పన్నెండు రోజులకి మించదు. మిగతావి ఫోన్లు, వాయిదాలు, "రేపు రండి"లు. 36,000ని 12తో భాగిస్తే రోజుకు 3,000. ప్రతిపాదనకి ఆరు రోజులు పడితే 18,000. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. మేస్టారి దగ్గర తెలుగులో విని, ఊళ్లో ఒరియాలో అడిగి, ఇంగ్లీషులో రాసే పని మనది. ఆ తిప్పుడుకే ఒక రోజు పోతుంది. అదీ వేసుకోండి.

సగం ముందు, సగం ప్రతిపాదన చేతికిచ్చిన రోజు. మంజూరైన రోజు కాదు, ఆ రోజు మన చేతిలో ఉండదు. ఈ మాట కాగితం మీద ఉండాలి. జీఎస్టీ గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే చూసుకోవచ్చు.

నిజంగానే డబ్బు లేని ట్రస్టు వస్తే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. "మేస్టారూ, మొత్తం నేను రాయను. రెండు రోజులు మీ కుర్రాడి పక్కన కూర్చుని బడ్జెట్ వేయిస్తాను, 6,000 ఇవ్వండి" అనండి. నేను రెండోసారి అలాగే అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఒప్పుకున్నారు. ఆ కుర్రాడు ఇప్పుడు నా సాయం లేకుండానే బడ్జెట్ వేస్తున్నాడు.

అభ్యాసం: మీ నెల ఖర్చు రాసి, రోజు రేటు కట్టండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా మేస్టారిగా కూర్చోబెట్టి, ఆ అంకె చెప్పి ఊరుకోండి. వెంటనే "మీ ఇష్టం" అనేశారంటే మళ్లీ మొదటినుంచి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గరుంచుకోండి, దాంతోనే ఒప్పందం రాద్దాం.