హైడ్రోజన్ బండి కోసం ఆగేముందు యూనిట్ల లెక్క వేయండి

హైడ్రోజన్ ఆటోలు వస్తాయటగా అని భీమవరంలో మా బావ పాత ఆటో మార్చకుండా ఏడాదిగా ఆగాడు. మీరూ అలా ఆగి ఉంటే ముందు కరెంటు లెక్క చూడండి.

హైడ్రోజన్ మన కేజీ బేసిన్ గ్యాస్‌లా బావిలోంచి తోడేది కాదు, తయారు చేయాలి. నీటిని కరెంటుతో విడగొట్టి ఒక కిలో తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు పడతాయి, ఆ కిలోతో ఫ్యూయల్ సెల్ కారు (హైడ్రోజన్‌ నుంచి బండిలోనే కరెంటు పుట్టించుకుని నడిచేది) సుమారు 100 కిలోమీటర్లు తిరుగుతుంది. అవే 55 యూనిట్లు బ్యాటరీ కారుకి ఎక్కిస్తే 300 దాటుతుంది. మీ ఊళ్లో యూనిట్ ధరతో గుణించి చూడండి, పైగా హైడ్రోజన్‌కి కంప్రెసర్, రవాణా, బంకు ఖర్చులు వేరే.

తర్వాత ట్యాంకు. సీఎన్‌జీ సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటే హైడ్రోజన్ కారులో 700 బార్, అంత నొక్కినా టొయోటా మిరాయ్‌లో పట్టేది 5.6 కిలోలే. ఉన్న సీఎన్‌జీ సిలిండర్‌లోనే హైడ్రోజన్ నింపిస్తామని ఎవరన్నా అంటే అస్సలు ఒప్పుకోకండి, ఈ గ్యాస్ కొన్ని రకాల ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మార్చేస్తుంది.

2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలడం కోనసీమలో ఎవరూ మర్చిపోలేదు, అందుకే భద్రత గురించి మొహమాటపడకుండా అడగండి. హైడ్రోజన్ బయట లీకైతే తేలిక కాబట్టి గబగబా పైకి పోతుంది. మూసిన షెడ్డులో అయితే కప్పు కింద చేరుతుంది, గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంతున్నా అంటుకుంటుంది, వాసన ఉండదు, పగటిపూట మంట దాదాపు కనపడదు. బండి పెట్టే చోట కప్పుకి గాలి పోయే దారి, లీకు పట్టే సెన్సర్ రెండూ ఉండాల్సిందే.

బండిలోనే నీటిని విడగొట్టి ఆ హైడ్రోజన్‌ని ఇంజన్‌లోకి పంపి మైలేజీ పెంచుతామనే కిట్లకు డబ్బు పెట్టకండి. ఆ నీటిని విడగొట్టే కరెంటు కూడా మీ పెట్రోలు కాలితేనే వస్తుంది, తిరిగొచ్చేది అంతకన్నా తక్కువే.

నాకు ఆశ ఉన్నది లారీల మీద. ఐసులో చేపలు వేసుకుని ఇక్కణ్ణుంచి హౌరా దాకా పోయే బండికి గంటలకొద్దీ చార్జింగ్ కుదరదు, బరువైన బ్యాటరీ పెడితే ఆ మేరకు లోడు తగ్గుతుంది. హైడ్రోజన్ నిమిషాల్లో నిండుతుంది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన కరెంటు లాంటి వాటితో తీసే హైడ్రోజన్) మిషన్‌కి ఆమోదం ఇచ్చింది, కానీ దారి పొడవునా బంకులు పడేదాకా లారీ ఓనర్లు అడ్వాన్సులు కట్టకండి.

బావ ఆటో రోజుకి 80 కిలోమీటర్లు మించదు. బ్యాటరీది తీసుకోమన్నాను.