వేసవిలో డీఈపీ ప్రయోగమా? ముందు నీళ్లు చూసుకోండి

ప్రాజెక్టు పని జారి జారి ఏప్రిల్, మే నెలల్లో పడటం మామూలే. నల్లగొండ, పాలమూరు వైపు విద్యుత్ క్షేత్రంతో సూక్ష్మ కణాలను కదిలించే డైఎలెక్ట్రోఫోరెసిస్, అంటే డీఈపీ, మొదలుపెట్టే ఎమ్మెస్సీ పిల్లలకు అందరూ వోల్టేజీ జాగ్రత్తలే చెబుతారు. నన్నడిగితే మన దగ్గర ముందు భయపడాల్సింది నీళ్లకే.

ఎందుకంటే, ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉండే విద్యుత్ క్షేత్రంలో కణం ఆవేశం లేకపోయినా కదులుతుంది. హెర్బర్ట్ పోల్ 1951లో దీనికి ఈ పేరు పెట్టాడు. కణం ఎలక్ట్రోడ్ అంచుకు వస్తుందా, దూరం జరుగుతుందా అన్నది చుట్టూ ఉన్న ద్రవం తేలుస్తుంది. బతికున్న ఈస్ట్ పలచని ద్రావణంలో 1 మెగాహెర్ట్జ్ దగ్గర చకచకా అంచుకు చేరుతుంది. ద్రావణంలో ఉప్పులు పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది, మరీ ఎక్కువైతే తిరగబడుతుంది. కాబట్టి బోరు నీళ్లు ముట్టుకోవద్దు. ఫిల్టర్ నీళ్ల క్యాన్ కూడా వద్దు, అవి తాగడానికి మాత్రమే. డీఅయనైజ్డ్ నీళ్లు, అంటే ఉప్పులు తీసేసినవి, తెచ్చుకుని కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ పెన్ను ముంచి చూడండి. 5 పీపీఎం దాటితే పారబోయండి. రక్తకణాలైతే ఉబ్బి పగలకుండా ఉప్పుకు బదులు 8.5 శాతం సుక్రోజ్ వాడండి.

ఇక వేడి. ద్రవం వాహకతను వోల్టేజీ వర్గంతో గుణించి, ఉష్ణవాహకతకు ఎనిమిది రెట్లతో భాగిస్తే ఎలక్ట్రోడ్ల మధ్య ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో సుమారుగా తెలుస్తుంది. 10 వోల్టుల ఏసీ (ఆర్‌ఎంఎస్, అంటే అదే వేడి పుట్టించే డీసీతో సమానమైన విలువ) ఇస్తే సెలైన్‌లో 30 డిగ్రీలు పెరుగుతుంది. గది అప్పటికే 38లో ఉంటే ఈస్ట్ ఉడికిపోయినట్టే. మంచి డీఅయనైజ్డ్ నీళ్లలో డిగ్రీలో పదో వంతు కూడా పెరగదు. స్లైడ్ మీద చుక్క తెరిచి ఉంచినా ప్రమాదమే: ఎండకు నీరు ఆవిరైపోయి ఉప్పులు మిగిలిపోతాయి. కవర్ స్లిప్ వేసి అంచులు మూసేయండి.

ఈ వోల్టేజీ ఇచ్చే ఫంక్షన్ జనరేటర్‌తో ఒక తిరకాసుంది. లోడ్ సెట్టింగ్ 50 ఓమ్‌లలో ఉంటే, తెర మీద 10 వోల్టులు కనిపిస్తున్నా చిప్‌కు, అంటే ఎలక్ట్రోడ్లున్న స్లైడ్‌కు, దాదాపు 20 వెళ్తాయి. ఆసిలోస్కోప్‌తో చిప్ దగ్గరే కొలవండి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ స్విచ్ ఆపేయండి, వచ్చాక సెట్టింగులన్నీ మళ్లీ చూసుకోండి. డీసీ గానీ, మరీ తక్కువ ఫ్రీక్వెన్సీ గానీ ఇస్తే నీరు విడిపోయి బుడగలొస్తాయి, సన్నటి బంగారు ఎలక్ట్రోడ్ లేచిపోతుంది.

మధ్యలో ఒక మాట. నల్లగొండ అనగానే 'దీంతో ఫ్లోరైడ్ తీయొచ్చా' అని అడుగుతారు. కుదరదు. ఫ్లోరైడ్ నీళ్లలో కరిగిన అయాన్, పట్టుకోవడానికి కణం కాదు. దానికి పటిక, సున్నం వేసి పేరబెట్టి తేర్చే నల్లగొండ పద్ధతి ఉండనే ఉంది.

డీఈపీకి బదులు కణాలను పట్టడానికి అయస్కాంత బీడ్లు (అయస్కాంతానికి లాగబడే సన్నటి పూసలు) వాడేవాళ్లు నియోడైమియం బిళ్లను నేరుగా ద్రవంలో ముంచొద్దు, అంటుకున్న బీడ్లు ఊడిరావు. ట్యూబు బయట ఒక పక్కకు ఆనించి, బీడ్లు గోడకు చేరాక రెండో పక్క నుంచి ద్రవం లాగండి. రెండు పెద్ద బిళ్లలు దగ్గరగా పెట్టొద్దు. మధ్యలో వేలు పడితే నెత్తురు గడ్డకడుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ బల్ల దగ్గరికే రానివ్వకండి.