మాస్ట్ నిలబడాలంటే: చిన్న సెయిల్‌బోట్ రిగ్గింగ్ తనిఖీ, మార్పిడి, బిగింపు

హుస్సేన్ సాగర్‌లో లేజర్, ఆప్టిమిస్ట్ లాంటి డింగీల (చిన్న తెరచాప పడవల) మీద నేర్చుకున్నవాళ్లకు గాలి బాగా తెలుస్తుంది కానీ రిగ్గింగ్ (మాస్ట్‌ను, అంటే తెరచాప మోసే స్తంభాన్ని, పట్టి ఉంచే తీగలు, వాటి బిగింపులు) సంగతి తెలిసే అవకాశం తక్కువ. ఆ రెండు పడవల్లోనూ మాస్ట్ తన గూట్లో తానే నిలబడుతుంది, పట్టి ఉంచే తీగలు ఉండవు. పైగా రోజూ విప్పి పెడతారు కాబట్టి లోపం ఏదైనా ఉంటే కంటపడుతుంది. సముద్రం మీద రాత్రిళ్లు ఉండగలిగే 25–27 అడుగుల పడవ వేరు. దాని మాస్ట్ ఏళ్ల తరబడి దించకుండా అలాగే ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు మొదటి పడవగా కొనే కెటలీనా 27 లాంటి పాత బోట్లలో చాలావాటికి ఎనిమిది తీగలుంటాయి: ముందు ఫోర్‌స్టే, వెనక బ్యాక్‌స్టే, పక్కల మాస్ట్ కొస దాకా వెళ్లే రెండు పై ష్రౌడ్లు, స్ప్రెడర్ల (మాస్ట్‌కు రెండు పక్కలా అడ్డంగా ఉండే కమ్మీల) కింద ఆగిపోయే నాలుగు కింది ష్రౌడ్లు. ఈ వ్యాసం అలాంటి రిగ్ గురించే.

తీగ మధ్యలో తెగడం అరుదు. పోయేది దాదాపు ఎప్పుడూ కొసల దగ్గరే. తీగకు నొక్కి బిగించిన స్వేజ్ ఫిట్టింగ్, దాని కింద టర్న్‌బకిల్ (తిప్పితే తీగను బిగించే మరల జోడు), టాగిల్ (అటూ ఇటూ కదిలే కీలు), క్లెవిస్ పిన్ (వాటిని కలిపే అడ్డ పిన్), ఆ పిన్ను జారకుండా ఆపే స్ప్లిట్ పిన్, చివరికి పడవ ఒంటికి బిగించిన చెయిన్‌ప్లేట్. ఈ వరుసలో ఏ ఒక్కటి వదిలినా మాస్ట్ పడిపోతుంది. అందులో అతి చవకైనది స్ప్లిట్ పిన్, ఎక్కువగా అశ్రద్ధకు గురయ్యేదీ అదే.

కింది నుంచి పైకి చూడండి

తనిఖీ డెక్ మీది కొసల దగ్గర మొదలుపెట్టాలి. తీగ వెంట జారిన ఉప్పునీరు కింది స్వేజ్‌లోకి దిగి అక్కడే నిలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీద ఏర్పడే పల్చటి ఆక్సైడ్ పొర. ఆ పొర తనను తాను బాగుచేసుకోవాలంటే ఆక్సిజన్ అందాలి. గాలి చొరబడని ఇరుకులో ఉప్పునీరు నిలిస్తే పొర పోయి, పైకి మెరుస్తూనే లోపల గుంటలు పడుతుంది. విశాఖ, కాకినాడ తీరాల్లాంటి వేడి, ఉప్పుగాలి ఉన్నచోట ఇది చల్లని దేశాల్లోకంటే చాలా త్వరగా జరుగుతుంది.

స్వేజ్‌ను ముందు మెటల్ పాలిష్‌తో రుద్ది శుభ్రం చేయండి. మరక ఉన్నంతసేపు పగులు కనబడదు. తర్వాత పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చుట్టూ చూడండి. పగులు సాధారణంగా నిలువుగా, వెంట్రుక మందంలో ఉంటుంది. అనుమానంగా ఉంటే వెల్డింగ్ సామాన్ల దుకాణంలో దొరికే డీపీ టెస్ట్ (రంగుతో పగులు పట్టే పరీక్ష) డబ్బాలు వాడండి. క్లీనర్‌తో తుడిచి, ఎర్ర రంగు చల్లి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, పై రంగు తుడిచేసి, తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులుంటే తెలుపులోంచి ఎర్రగీత పైకి వస్తుంది. గీత కనబడితే ఆ ఫిట్టింగ్ పని అయిపోయినట్టే, ఇంకో సీజన్ లాగుదామన్న ఆలోచన వద్దు.

పైన పలచగా పరుచుకున్న గోధుమరంగు మరకలన్నీ ప్రమాదం కాదు. రుద్దితే పోయి, కొన్ని వారాల తర్వాత సరిగ్గా అదే చోటునుంచి మళ్లీ కారుతుంటే మాత్రం లోపల తుప్పు ఉందని అర్థం.

తీగను ఉత్త చేత్తో తడమొద్దు, విరిగిన పోగు సూదిలా దిగుతుంది. చేతొడుగు వేసుకుని దూదితో పైనుంచి కిందికి తుడవండి. పోగు విరిగినచోట దూది పట్టుకుంటుంది. స్వేజ్‌లోకి తీగ దూరే చోటు మీద ఎక్కువసేపు ఉండండి, పోగులు అక్కడే అలసిపోయి విరుగుతాయి. 1×19 తీగలో పంతొమ్మిది పోగులుంటాయి. ఒక్కటి విరిగినా ఆ తీగను మార్చాలి, రెండోవైపున్న దాని జతను కూడా. రెండూ ఒకే వయసువి, ఒకే బరువు మోసినవి.

స్ప్లిట్ పిన్నులు మోటారు సామాన్ల దుకాణంలో కొనకండి, అవి ఇనుపవి. 316 గ్రేడు స్టెయిన్‌లెస్‌వే కావాలి. కాళ్ల పొడవు క్లెవిస్ పిన్ మందానికి ఒకటిన్నర రెట్లు ఉంటే సరిపోతుంది. కాళ్లను వెనక్కి మడిచి చుట్టేయడం తప్పు: అత్యవసరంలో అది ఊడిరాదు, వంచిన చోట లోహం బలహీనపడుతుంది కూడా. రెండు కాళ్లనూ 20–30 డిగ్రీలు విప్పితే చాలు. కొసలు తెరచాపను చింపకుండా ఒక చుట్టు టేప్ వేయండి. టర్న్‌బకిల్ మొత్తానికి మాత్రం టేప్ చుట్టొద్దు. లోపల నీళ్లు నిలిచి, పైన చెప్పిన గుంటల తుప్పు మొదలవుతుంది.

ప్రతి తీగ కింది కొసకూ టాగిల్ ఉండాలి. ఫోర్‌స్టేకు రెండు కొసలకూ ఉండాలి, ఎందుకంటే జిబ్ (ముందు తెరచాప) గాలి నింపుకున్నప్పుడు దాన్ని పక్కకు లాగుతుంది. టాగిల్ లేకపోతే ఆ ఊపు అంతా స్వేజ్ మెడ మీద పడుతుంది.

చెయిన్‌ప్లేట్‌లో చెడేది డెక్‌లోంచి దూరే అంగుళం మేర. పైనుంచీ కిందనుంచీ చూసినా ఆ భాగం కనబడదు. పాత పడవ కొన్నవాళ్లు ఒక్కసారైనా దాన్ని బయటికి తీసి చూడాల్సిందే. క్యాబిన్ లోపల చెక్క మీద నల్లమరక కనిపిస్తే ఆ చెయిన్‌ప్లేట్‌తోనే మొదలుపెట్టండి. డెక్ లోపల బాల్సా చెక్క ఉంటే, రంధ్రం చుట్టూ మెత్తబడిన చెక్కను తవ్వి తీసేసి, ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మళ్లీ రంధ్రం చేయండి. మూయడానికి బ్యూటైల్ టేప్ గానీ పాలీసల్ఫైడ్ గానీ వాడండి. శాశ్వతంగా అతికే పాలీయురేథేన్ వాడితే వచ్చేసారి చెయిన్‌ప్లేట్‌తో పాటు డెక్ పైపొర కూడా ఊడివస్తుంది.

పైకి ఎక్కేటప్పుడు

రెండు హాల్యార్డులు (తెరచాపను పైకెత్తే తాళ్లు) వాడండి, ఒకటి ఎత్తడానికి, ఒకటి కాపాడటానికి. మాస్ట్ ఎక్కే మనిషి కూర్చునే జీనుకు స్నాప్ షాకిల్ (లాగితే తెరుచుకునే కొక్కెం) తగిలించొద్దు, తాడును నేరుగా బోలైన్ ముడితో కట్టండి. కింద వించ్ (తాడును చుట్టి లాగే యంత్రం) దగ్గర ఉన్న మనిషి పైవాడు ఆగిన ప్రతిసారీ తాడును క్లీట్‌కు (తాడు కట్టే కొమ్ముకు) కట్టాలి. పనిముట్లన్నిటికీ దారాలు కట్టి ఉండాలి. పైన చూడాల్సినవి: హాల్యార్డు తిరిగే కప్పీ చక్రం ఇరుసు అరిగిందా, స్ప్రెడర్ మొదలు దగ్గర పర్రెలున్నాయా, స్ప్రెడర్ కొస దగ్గర తీగ నొక్కుకుపోయిందా. స్ప్రెడర్ వల్ల ష్రౌడ్‌కు ఏర్పడే వంపు పైనా కిందా సమాన కోణంలో ఉండాలి. అలా ఉండాలంటే స్ప్రెడర్ కొస కాస్త పైకి చూడాలి. కొస కిందికి వాలి ఉంటే బరువు పడ్డప్పుడు అది జారిపోతుంది, ష్రౌడ్ వదులవుతుంది, మాస్ట్ మధ్యలో విరుగుతుంది.

అల్యూమినియం మాస్ట్‌లోకి దిగిన స్టెయిన్‌లెస్ స్క్రూల చుట్టూ తెల్లపొడి కనిపిస్తే రెండు లోహాలూ ఉప్పునీటిలో బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరిగిపోతోందని అర్థం. స్క్రూ తీసి, రెండు లోహాలనూ విడదీసి ఉంచే డ్యూరాలాక్ గానీ టెఫ్‌జెల్ గానీ పూసి మళ్లీ బిగించండి.

తీగలు మార్చడం

పదేళ్లు దాటిన తీగలను కంటికి బాగున్నా మార్చేయడం మంచిది. ఉష్ణమండల సముద్రంలో ఇంకా ముందే. ఈ సైజు పడవల్లో ఎక్కువగా వాడేది 5 మి.మీ. 1×19 తీగ, తెగే బరువు రెండు టన్నుల పైమాటే. పడవకు మొదట వేసిన మందాన్నే పాటించండి. లావు తీగ వేస్తే పైన బరువు పెరిగి పడవ ఎక్కువ ఒరుగుతుంది, దానికి తగ్గ పిన్నులు పాత రంధ్రాల్లో దూరవు.

316 అని చెప్పి 304 అంటగట్టే దుకాణాలున్నాయి. అయస్కాంతంతో తేల్చుకోలేరు, ఎందుకంటే సాగదీసి చేసిన తీగ 316 అయినా కొద్దిగా అంటుకుంటుంది. మాలిబ్డినం ఉందో లేదో చెప్పే చుక్కల టెస్ట్ కిట్ నమ్మదగినది. 316లో అది కనీసం 2 శాతం ఉంటుంది, 304లో ఉండదు.

మాస్ట్ దించకుండానే ఒక్కొక్క తీగ మార్చవచ్చు. హాల్యార్డును ఆ తీగ ఉన్న వైపు బలమైన చోటుకు కట్టి వించ్‌తో లాగి బిగించాకే పాతది విప్పండి. ఎప్పుడూ ఒకసారికి ఒకటే. కింది ష్రౌడ్ తీసేటప్పుడు మాస్ట్ మధ్యభాగానికి హాల్యార్డు ఆసరా ఇవ్వదు కాబట్టి, అలలు లేని చోట, తెరచాపలు లేకుండా చేయాలి.

స్వేజ్ యంత్రం దగ్గర్లో లేకపోతే స్టాలాక్ లాంటి, స్పానర్‌తో బిగించే కొసలు వాడండి. తీగను హ్యాక్‌సా బ్లేడుతో నున్నగా కోయండి. బోల్ట్ కట్టర్ తీగను నలిపేస్తుంది. ముందు ఫిట్టింగ్ తొడుగును తీగ మీదికి ఎక్కించండి (ఇది మరచిపోయి మళ్లీ విప్పేవాళ్లు చాలామంది). బయటి 12 పోగులను విప్పి, లోపలి ఏడింటి మీద శంకువు ఎక్కించి, లోపలి పోగులు దాదాపు 1.5 మి.మీ. బయటికి వచ్చేలా చూడండి. బయటి పోగులను మళ్లీ అల్లిక ప్రకారం శంకువు చుట్టూ సమానంగా సర్దండి. ఏ పోగూ శంకువు చీలికలో పడకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఒకసారి బిగించి, విప్పి, పోగులు సమానంగా వంగాయో లేదో చూసి, లోపల సీలెంట్ నింపి చివరిసారి బిగించండి. మళ్లీ విప్పి చేయాల్సి వస్తే శంకువు కొత్తది వేయాలి, మిగతావి పనికొస్తాయి.

బిగింపు

టర్న్‌బకిల్ మరలకు ముందే లానోలిన్ గ్రీజు పెట్టండి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పొడిగా తిరిగితే, అందులోనూ బరువు మీద, రెండూ ఒకటై పట్టేస్తాయి. అప్పుడు కోయడం తప్ప దారి లేదు.

ముందు మాస్ట్‌ను నిటారుగా పెట్టాలి. మెయిన్ హాల్యార్డు కొసకు కొలటేపు కట్టి, రెండువైపులా ఒకే స్థానంలో పడవ అంచును తాకించి కొలవండి. రెండు కొలతలూ సరిపోయేదాకా పై ష్రౌడ్లను సవరించండి. తర్వాత ఫోర్‌స్టే, బ్యాక్‌స్టేలతో మాస్ట్ కాస్త వెనక్కి వాలేలా చేయండి. అదే హాల్యార్డుకు బరువు కట్టి వేలాడదీస్తే వాలు ఎంతో తెలుస్తుంది.

బిగువు కొలవడానికి ఖరీదైన గేజ్ అక్కర్లేదు. తీగ వంపు లేకుండా నిలిచే అతి తక్కువ బిగువు దగ్గర ఆపి, సరిగ్గా 2 మీటర్ల పొడవున్న చెక్కబద్ద తీసుకోండి. దాని పై కొసను తీగకు టేప్‌తో గట్టిగా అంటించండి. కింది కొస స్వేజ్ అంచును తాకుతూ ఉండాలి. ఇక బిగిస్తూ పొండి. తీగ సాగినకొద్దీ బద్దకూ స్వేజ్‌కూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. 1×19 స్టెయిన్‌లెస్ తీగలో 1 మి.మీ. ఖాళీ అంటే, తీగ మందం ఎంతైనా సరే, తెగే బరువులో 5 శాతం. పై ష్రౌడ్లకు 3 మి.మీ. అంటే 15 శాతం సరిపోతుంది. రెండువైపులా మార్చి మార్చి, సమానంగా చుట్లు తిప్పండి. బ్యాక్‌స్టే 4 మి.మీ. దాటించకండి. కింది ష్రౌడ్లలో ముందువి వెనకవాటికంటే కాస్త ఎక్కువ బిగిస్తే మాస్ట్ మధ్యభాగం కొద్దిగా ముందుకు వస్తుంది. అలాగే ఉండాలి, వెనక్కి వంగకూడదు.

మాస్ట్ డెక్ మీద నిలబడే పడవల్లో బిగించాక క్యాబిన్ తలుపు ఇరుక్కుపోతే, మాస్ట్ కింద డెక్‌గానీ దాన్ని మోసే స్తంభం గానీ కుంగుతోంది. వెంటనే వదులు చేసి దాని సంగతి చూడండి.

చివరి సవరణ నీళ్ల మీదే. 12–15 నాట్ల గాలిలో, గాలికి దగ్గరగా నడుపుతూ, పడవ 20 డిగ్రీలు ఒరిగినప్పుడు గాలి దిగువ వైపు పై ష్రౌడ్‌ను చేత్తో కదపండి. అప్పుడే వదులవుతున్నట్టుండాలి, ఊగిసలాడకూడదు. ఊగితే దాన్ని ఒక చుట్టు బిగించి, పడవను రెండోవైపు తిప్పి అటుదాన్నీ అంతే బిగించండి. బరువు మీదున్న వైపు ఎప్పుడూ తిప్పొద్దు. మాస్ట్ గాడి వెంట కింది నుంచి పైకి చూస్తే గీత గీసినట్టు కనబడాలి. పని అయ్యాక ప్రతి మర కొసా టర్న్‌బకిల్ లోపల కనీసం తన మందానికి ఒకటిన్నర రెట్లు దిగి ఉందో లేదో చూసుకుని స్ప్లిట్ పిన్నులు వేయండి. కొత్త తీగలు మొదటి కొన్ని ప్రయాణాల్లో సాగుతాయి, కాబట్టి మళ్లీ చూడాలి.

బంగాళాఖాతంలో తుపాను హెచ్చరిక వస్తే తీగల జోలికి పోకండి, తెరచాపలు దించండి. ఫోర్‌స్టేకు చుట్టి కట్టేసిన జిబ్ గాలికి విప్పుకుని మాస్ట్‌ను కూల్చగలదు.

నడిసముద్రంలో తెగితే

గాలి వైపు ష్రౌడ్ తెగితే వెంటనే టాక్ చేసి (పడవ ముక్కును గాలి గుండా రెండోవైపుకు తిప్పి) బరువును రెండోవైపుకు మార్చండి. ఫోర్‌స్టే తెగితే పడవను తిప్పి గాలి పూర్తిగా వెనక నుంచి వచ్చేలా చేయండి, మెయిన్ షీట్ (ప్రధాన తెరచాపను లాగే తాడు) వదులు చేయండి. జిబ్‌ను దించొద్దు, దాని ముందంచే అప్పటికి ఫోర్‌స్టే. ఖాళీ హాల్యార్డును ముక్కు దగ్గర కట్టి బిగించాకే మిగతా ఆలోచన. బ్యాక్‌స్టే తెగితే గాలికి ఎదురు తిప్పి మెయిన్ షీట్ గట్టిగా లాగండి, ఆ తెరచాప వెనక అంచు మాస్ట్‌ను పట్టుకుంటుంది. తర్వాత బూమ్‌ను (ప్రధాన తెరచాప అడుగున ఉండే దుంగను) మోసే టాపింగ్ లిఫ్ట్ తాడును పడవ వెనక్కి కట్టండి.

పడవలో ఎప్పుడూ ఉండాల్సినవి: అన్నిటికంటే పొడవైన స్టేకు సరిపడే డైనీమా (చాలా బలమైన సింథటిక్) తాడు, రెండు స్టాలాక్ కొసలు, అదనపు శంకువులు, ప్రతి సైజు క్లెవిస్ పిన్నూ, గుప్పెడు స్ప్లిట్ పిన్నులు, తీగను కోయగల పనిముట్టు, సుత్తి, పిన్నులు బయటికి కొట్టే పంచ్. మాస్ట్ నీళ్లలో పడి పడవ పక్కను గుద్దుతుంటే తీగ కోయడం కంటే పిన్నులు కొట్టి వదిలించడమే త్వరగా అవుతుంది, తీగలూ దక్కుతాయి. స్ప్లిట్ పిన్ కాళ్లు వెనక్కి చుట్టి ఉంటే ఆ పని కాదు.