బొమ్మల కథల పుస్తకానికి ఇంట్లోనే ఆడియో తయారుచేయడం ఎలా?

మూడేళ్ల పిల్ల ఒళ్లో బొమ్మల పుస్తకం ఉంది. పక్కన ఫోనులో ఎవరో కథ చదువుతున్నారు. పిల్ల ఇంకా రెండో పేజీలోనే ఉంది, ఎండ్రకాయ బొమ్మ మీద వేలు పెట్టి కాళ్లు లెక్కపెడుతోంది. ఫోనులో గొంతు అప్పుడే నాలుగో పేజీకి వెళ్లి తాబేలు సంగతి చెబుతోంది. పిల్ల ఒకసారి ఫోను వైపు, ఒకసారి పుస్తకం వైపు చూసి, పుస్తకం మూసి పక్కన పెట్టేసింది. విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి వరండాలో ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను. చదివిన గొంతు బాగుంటుంది, ఉచ్చారణ బాగుంటుంది, వెనకాల వీణ కూడా వినిపిస్తుంది. పేజీ తిప్పుకోవడానికి పిల్లకు సమయం మాత్రం ఉండదు.

మా వీధి పిల్లల కోసం ఎనిమిదేళ్లుగా తెలుగు బొమ్మల పుస్తకాలు చదివి రికార్డు చేస్తున్నాను. రెండు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు వినే ఆడియోకు పనికొచ్చే పద్ధతి ఇది.

కావలసినవి

మామూలు స్మార్ట్‌ఫోను, పుస్తకం, మడిచిన తువ్వాలు, ఒక గిలక్కాయ. మైకు కొనవలసిన పని లేదు. ఆ డబ్బుతో మరో నాలుగు పుస్తకాలు కొనండి.

గిలక్కాయ ఎందుకో తరువాత చెబుతాను. అది ఏటికొప్పాకలో చేసే లక్క పూత చెక్క గిలక్కాయే అయి ఉండాలి. అంకుడు కర్రతో చేసిన ఆ గిలక్కాయ శబ్దం మెత్తగా, పొడిగా ఉంటుంది. స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడితే ఆ మోత రికార్డింగులో పగిలిపోతుంది, నిద్రకు ముందు వినే పిల్ల ఉలిక్కిపడుతుంది.

పుస్తకం ఎంపిక

పేజీకి రెండు మూడు వాక్యాలకు మించని పుస్తకం తీసుకోండి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ ఆన్‌లైన్ వేదికలో తెలుగు కథలు చాలా ఉన్నాయి. ఒకటో స్థాయి కథలతో మొదలుపెట్టండి. అక్కడి కథల్లో ఎక్కువ భాగం క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఉన్నవే. డౌన్‌లోడ్ చేసుకుని రంగుల్లో అచ్చు తీయించుకోవచ్చు, చదివి రికార్డు చేయవచ్చు, పంచవచ్చు. రచయిత, చిత్రకారుడు, అనువాదకుల పేర్లు చెప్పడం మాత్రం తప్పనిసరి. ఏ కథకు ఏ అనుమతి ఉందో చివరి పేజీల్లో ఉంటుంది, చూసుకోండి.

కొన్న పుస్తకం చదివి పదిమందికి పంపాలంటే ప్రచురణకర్త అనుమతి కావాలి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. పిల్లల కోసమే కదా అని చాలామంది ఈ మాట పట్టించుకోరు. తెలుగులో పిల్లల పుస్తకాలు రాసి, బొమ్మలు వేసి బతకడమే కష్టం. వారిని అడగడానికి ఒక ఉత్తరం చాలు.

గది

విశాఖలో ఏ గదిలో కూర్చున్నా ముందు ఫ్యాను ఆపాలి. ఉక్కపోతకు చెమట కారుతుంది, ఓర్చుకోవాలి. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ మీ గొంతు కింద ఒక గుర్రుమనే శబ్దం ఉంటుంది, దాన్ని తరువాత తీయబోతే గొంతు కూడా పాడవుతుంది. నేను తెల్లవారుజామున నాలుగున్నరకు కూర్చుంటాను. అప్పటికి పాల బళ్లు రావు, గుడి మైకు మొదలుకాదు, చల్లగా ఉంటుంది. కంచరపాలెం, మర్రిపాలెం వైపు రైలు పట్టాల పక్కన ఉండేవారికి ఏ బండి ఎప్పుడు వెళుతుందో తెలిసే ఉంటుంది. ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు జరిగే ఏడాది డిసెంబరు 4కు ముందు రోజుల్లో పగటిపూట ఈ పని పెట్టుకోవద్దు, విమానాలు తల మీదే తిరుగుతాయి. సముద్రపు హోరు సన్నగా వినిపించినా నష్టం లేదు, అది ఒకే తీరుగా ఉంటుంది. హఠాత్తుగా మోగే హారనే ప్రమాదం.

పరుపు, దిండ్లు, వేలాడే బట్టలు ఉన్న పడకగది మంచిది. ఖాళీ హాలులో గొంతు గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఫోనును తువ్వాలు మీద, నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడు ఊపిరి నేరుగా మైకుకు కొడుతుంది. ఫ్లయిట్ మోడ్ వేయండి. రికార్డింగ్ యాప్‌లో నిశ్శబ్దాన్ని వదిలేసే సదుపాయం ఉంటే దాన్ని తప్పకుండా ఆపేయండి. అది ఉంటే కింద నేను చెప్పబోయేదంతా వృథా.

చదవడం

చిన్నపిల్లలకు నెమ్మదిగా చదవాలని అందరికీ తెలుసు. ఎలా నెమ్మదించాలో తెలియక అచ్చులు సాగదీస్తారు. "మేకా పిల్లా పరుగెత్తిందీ" అని చదువుతారు. తెలుగులో అది నెమ్మదిగా చదవడం కాదు, తప్పు చదవడం. మన భాషలో వడ వేరు, వాడ వేరు, పడు వేరు, పాడు వేరు. అక్షరాల కింద వేలు పెట్టి వింటున్న పిల్లకు కంటికి హ్రస్వం, చెవికి దీర్ఘం అందుతుంది. మాటకూ మాటకూ మధ్య ఆగండి, మాట లోపల సాగదీయకండి. ఒత్తులు పూర్తిగా పలకండి. "చెట్టు ఎక్కింది" అని అచ్చులో విడిగా ఉంటే విడిగానే చదవండి, నాలుక మీద "చెట్టెక్కింది" అని వచ్చినా సరే.

పుస్తకంలో లేని మాట ఒక్కటి కూడా కలపవద్దు. "చూశావా నాన్నా, ఎంత పెద్ద చేపో!" అనేది ఒళ్లో కూర్చోబెట్టుకున్నప్పుడు చెప్పే మాట, రికార్డింగులో చెప్పేది కాదు. యాస గురించి కొందరు జంకుతారు. టీవీ వార్తలు చదివినట్టు గొంతు మార్చుకోనవసరం లేదు. అచ్చులో ఉన్న మాటను ఉన్నట్టు పలుకుతూ మీ ఉత్తరాంధ్ర ఎత్తుపల్లాలతోనే చదవండి, పిల్ల ఇంట్లో వినే రాగం అదే.

తప్పు దొర్లితే రికార్డింగు ఆపకండి. ఒక్కసారి చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి చదవండి. తరువాత కంప్యూటర్‌లో చూసినప్పుడు ఆ చప్పుడు నిలువుగా లేచి కనిపిస్తుంది, తప్పు ఎక్కడుందో వెతకనక్కరలేదు. పుస్తకం మొత్తం ఒకే విడతలో, ఒకే రికార్డింగులో పూర్తి కావాలి. రోజుకు నాలుగు పేజీలు చేస్తే నాలుగు రోజుల గొంతులు వినిపిస్తాయి.

పేజీ తిప్పే చోటు

ఇక్కడే అందరూ చెడగొడతారు, కాబట్టి తొందర లేకుండా చదవండి.

బొమ్మల పుస్తకంలో కథ నడిచేది పేజీ తిప్పడంలోనే. ఒక ఉదాహరణ చూడండి. కుడి పేజీలో పడవ, నీటిలో వల. కింద ఇలా ఉంది: "పడవ ఆగింది. వల బరువెక్కింది. వలలో ఏముంది?" పేజీ తిప్పితే రెండు పేజీలు నిండా తాబేలు. "తాబేలు!" అని ఒక్కటే మాట. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు అనుకోండి. "ఏముంది?" అన్న వెంటనే "తాబేలు!" అని చదివేస్తే ఏమవుతుంది? పిల్ల కళ్ల ముందు ఇంకా వలే ఉంటుంది, చెవిలో తాబేలు పడిపోతుంది. తన చేత్తో పేజీ తిప్పి తానే కనుక్కోవలసిన సంగతిని మనం ముందే లాగేసుకున్నాం. ఆ ఒక్క క్షణం కోసమే చిత్రకారుడు బొమ్మను అవతలి పేజీకి దాచాడు.

అందుకని ప్రతి పేజీ చివర ఈ వరుస పాటించాలి. వాక్యం పూర్తవుతుంది. ఆగుతాం, ఇది బొమ్మ చూడటానికి. గిలక్కాయ ఒక్కసారి మోగిస్తాం. మళ్లీ ఆగుతాం, ఇది పేజీ తిప్పడానికి. అప్పుడు కొత్త పేజీ చదువుతాం. విదేశాల్లో గ్రామఫోను రికార్డుల కాలం నుంచే కథ మధ్యలో చిన్న గంట మోగించి పేజీ తిప్పమనే అలవాటు ఉంది. అయితే గంట మోగగానే తరువాతి మాట మొదలుపెట్టేవారే ఎక్కువ. గంట ముందు ఒక నిశ్శబ్దం, గంట తరువాత మరొక నిశ్శబ్దం, రెండూ కావాలి. రెండింటి పనీ వేరు.

ఎంతసేపు ఆగాలి? మనసులో అంకెలు లెక్కపెట్టకండి. ఒంటరిగా కూర్చున్న మనిషికి నాలుగు సెకన్ల నిశ్శబ్దం నిమిషంలా తోస్తుంది, తెలియకుండానే తొందరపడతాడు. నేను చేసేది ఇది. రికార్డింగుకు ముందు రోజు ఒక పిల్లను కూర్చోబెట్టుకుని, పుస్తకం పిల్ల చేతికే ఇచ్చి, పక్కన ఫోను పెట్టి రెండుసార్లు చదువుతాను. మొదటిసారి లెక్కలోకి రాదు, కొత్త పుస్తకం కాబట్టి ప్రతి మూలా చూస్తుంది. రెండోసారి రికార్డింగు విని, ఏ పేజీ దగ్గర ఎంతసేపు పట్టిందో పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుంటాను. సంత బొమ్మ దగ్గర ఎనిమిది సెకన్లు, ఖాళీ ఆకాశం దగ్గర రెండు. అన్ని పేజీలకూ ఒకే వ్యవధి పెట్టేవారు బొమ్మలు చూడలేదన్నమాట.

తిప్పే వ్యవధికి మాత్రం ఐదు సెకన్లకు తగ్గవద్దు. మన ఊరి ఉప్పుగాలికి, తేమకు పలచని కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పిల్ల రెండు పేజీలు ఒకేసారి తిప్పేస్తుంది, వెనక్కి రావాలి. దీనికి మా ఇంట్లో ఉపాయం స్టిక్కరు బొట్టు. ప్రతి పేజీ కింది కుడి మూలన ఒక్కొక్కటి అంటిస్తే కాగితాల మధ్య కాస్త సందు ఏర్పడి వేలు దూరుతుంది.

ఈ నిశ్శబ్దాన్ని తరువాత కంప్యూటర్‌లో కలుపుదామనుకోకండి. గది నిశ్శబ్దంలో ఊపిరి ఉంటుంది, దూరపు సముద్రం ఉంటుంది. కంప్యూటర్ కలిపిన నిశ్శబ్దంలో ఏమీ ఉండదు. అది రాగానే ఫోను ఆగిపోయిందని పిల్ల అనుకుంటుంది, కళ్లు పుస్తకం మీద నుంచి తెర మీదికి వెళతాయి. రికార్డు చేసేటప్పుడే నిజంగా ఆగండి. మీరూ పుస్తకం పట్టుకుని, మీరూ బొమ్మ చూసి, గిలక్కాయ తరువాత మీరూ పేజీ తిప్పండి. ఆ కాగితం చప్పుడు రికార్డింగులో పడనివ్వండి, పిల్లకు అదే రెండో గుర్తు.

వెనక సంగీతం వద్దు. సంగీతం ఉంటే ఆగిన చోటంతా అదే నిండిపోతుంది, గిలక్కాయ అందులో మునిగిపోతుంది.

వీడియో చేస్తే పేజీలు వాటంతటవే తిరుగుతాయి కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. అందుకే వద్దంటున్నాను. పేజీ దానంతట అది తిరిగితే పిల్ల చేతికి పని లేదు, ఎప్పుడు తిప్పాలన్న నిర్ణయం కూడా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దని చెప్పింది. ఆ గంటలో కథకు చోటు వెతకడం కన్నా కథను కాగితం మీదే ఉంచడం మేలు.

సవరణ

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. చప్పట్లు ఉన్న చోట తప్పు వాక్యాన్ని తీసేయండి. రికార్డింగు మొదట్లో పది సెకన్లు మాట్లాడకుండా వదిలితే, ఆ ముక్కను నమూనాగా చూపి గది శబ్దాన్ని తగ్గించవచ్చు. ఒక్కసారి, కొద్దిగా మాత్రమే. ఎక్కువ చేస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. నిశ్శబ్దాన్ని కుదించే ఆదేశం కూడా అందులో ఉంది, దాని జోలికి వెళ్లకండి. మొదట్లో పుస్తకం పేరు, రచయిత, చిత్రకారుడు, అనువాదకుల పేర్లు, చివర అనుమతి వివరం ఉండాలి. మోనోలో (ఒకే చానల్‌లో), 128 కేబీపీఎస్ ఎంపీ3గా దాచండి. ఐదు నిమిషాల కథ 5 ఎంబీ లోపే వస్తుంది.

పిల్లల చేతికి

వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి. వాయిస్ మెసేజ్‌గా పంపితే ఎవరో ఒకరు వేగం పెంచి వినిపిస్తారు. నాకు నచ్చేది మెమరీ కార్డు పట్టే చిన్న స్పీకరు. దానికి తెర లేదు, మీట నొక్కడం మూడేళ్ల పిల్లకు కూడా వస్తుంది. పుస్తకం అట్ట మీద ఒక అంకె అంటించి, కార్డులో ఆ ఆడియోకూ అదే అంకె పెట్టండి. చదువు రాని అమ్మమ్మ కూడా అంకె చూసి కథ పెట్టగలదు.

అందరికీ ఇచ్చే ముందు ఒక పిల్లకు ఇచ్చి మీరు వెనక కూర్చోండి. సాయం చేయవద్దు, మాట్లాడవద్దు. గిలక్కాయ మోగకముందే చెయ్యి పేజీ మీదికి వెళితే అక్కడ మీరు ఎక్కువ ఆగారు. మాట మొదలైనా కళ్లు పాత బొమ్మ మీదే ఉంటే తక్కువ ఆగారు. ఆ పేజీల అంకెలు రాసుకుని, వాటిని మాత్రం అదే గదిలో, అదే వేళకు, ఫ్యాను ఆపి మళ్లీ చదవండి.