స్పెషల్ క్యాంపుకు బయల్దేరే ముందు: ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు, వాళ్లను తీసుకెళ్లే మాస్టర్లకు

సెలవులు దగ్గర పడ్డాయంటే కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) స్పెషల్ క్యాంపు మాట మొదలవుతుంది. ఏడు రోజులు, ఒక దత్తత గ్రామం, యాభై మంది దాకా పిల్లలు, రాత్రి పడకకు ఊరి బడి. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకం ఇది. కాలేజీలో ఈ పథకం చూసే మాస్టరుగా, అంటే ప్రోగ్రామ్ ఆఫీసరుగా, నేను నడిపిన ప్రతి క్యాంపుకీ ముందు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే: "పారా గడ్డపారా పట్టిస్తారంట కదా సార్, దెబ్బలు తగలవా?" తగులుతాయి. అరచేతులు బొబ్బలెక్కుతాయి. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు. పని చేసేటప్పుడు అందరి కళ్లూ ఒకరి మీద ఒకరికి ఉంటాయి. పని అయిపోయి స్నానాలకు వెళ్లే గంట, లైట్లు ఆర్పి పడుకున్న రాత్రి, ఇంటికి పోతున్నామన్న హుషారులో ఉన్న చివరి రోజు... ముప్పు అప్పుడే వస్తుంది.

ముందు పడక సంగతి. ఒక ఏడాది తెల్లవారుజామున ఒక అబ్బాయి కడుపు నొప్పి అంటూ లేచాడు. రాత్రి వంకాయ కూర పడలేదనుకుని వాము నమిలించాం. అరగంట తిరక్కుండా వాడి కనురెప్పలు వాలిపోయాయి. "సార్, కళ్లు తెరుచుకోవడం లేదు" అన్నాడు, ఆ మాట కూడా ముద్దముద్దగా వచ్చింది. ఒంటి మీద వెతికితే గాటు కనిపించలేదు. ఊరి ఆశా కార్యకర్త వచ్చి చూసి, కట్లపాము అయ్యుంటుంది, ఆలస్యం చేయొద్దంది. మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉండి వాడు బతికి బయటపడ్డాడు. ఆమె ఆ మాట అనకపోయి ఉంటే మేం తెల్లారేదాకా మజ్జిగ తాగిస్తూ కూర్చునేవాళ్లం.

కట్లపాము తిరిగేది రాత్రి పూటే. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది. కోరలు చిన్నవి కాబట్టి నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, చాలామందికి కరిచిన సంగతే తెలియదు. అందుకే దోమతెర మీద నేను పట్టుబడతాను. తెర కట్టడం ఒక్కటే చాలదు, దాని అంచులు చుట్టూ పరుపు కిందికి దోపాలి. ఊళ్లో మంచాలు అడిగితే ఇస్తారు, మొహమాటపడకండి. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్న గదిలో మాత్రం ఎవరినీ పడుకోబెట్టొద్దు. బియ్యానికి ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. రాత్రి బయటికి వెళ్లాలంటే చేతిలో టార్చి, కాళ్లకు చెప్పులు, తోడు ఇంకొకరు ఉండాలి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లకూ అదే మందు.

పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పూయించొద్దు. ఉంగరాలూ గాజులూ వాచీ తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చండి. పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే.

అందుకే క్యాంపుకు వారం ముందు ప్రోగ్రామ్ ఆఫీసరు స్వయంగా ఆసుపత్రి దారిలో వెళ్లి రావాలి. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) రాత్రి పూట ఎవరుంటారు? పాము మందు ఉందా? వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి ఏది, ఎంతసేపు పడుతుంది? 108 అందరికీ తెలుసు, కానీ అది వచ్చేలోగా ఊళ్లో ఎవరి కారు కదులుతుందో కనుక్కుని ఆ డ్రైవరు నంబరు గోడ మీద రాసి పెట్టండి.

ఇక నీళ్లు. మట్టి పని చేసి ఒళ్లంతా దుమ్ము కొట్టుకుపోయాక కాలువో చెరువో కనిపిస్తే కుర్రాళ్ల కాళ్లు ఆగవు. వద్దంటే దొంగచాటుగా పోతారని కొందరు మాస్టర్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఊరుకోవద్దు. ఇసుక తవ్విన వాగులో మోకాలి లోతు నీళ్ల పక్కనే నిలువెత్తు గుంట ఉంటుంది, పైకి ఆనవాలు కూడా కనిపించదు. కాలువ గట్టుకు సిమెంటు వేసి ఉంటే ఈత వచ్చినవాడికి కూడా నాచు మీద పట్టు దొరకదు. ఎవరైనా మునుగుతుంటే స్నేహితుడు వెనకాముందూ చూడకుండా దూకుతాడు, ఒకరితో పోయేది ఇద్దరి మీదికొస్తుంది. చున్నీలు ముడివేసో, కర్ర అందించో, తాడుకు ఖాళీ డబ్బా కట్టి విసిరో గట్టు మీద నుంచే లాగాలి. అన్నిటికంటే మేలైన పని, బడి ఆవరణలోనే స్నానాలకు ట్యాంకరు నీళ్లు ఏర్పాటు చేయడం. ఆ ఖర్చుకు వెనకాడకండి.

శ్రమదానం పొద్దున ఆరు నుంచి పదిలోపు ముగించండి. ఫిబ్రవరి దాటితే ఎండ ఊరుకోదు. ఎవరైనా తిక్కతిక్కగా మాట్లాడినా, తూలినా అది నీరసం కాదు, వడదెబ్బ అనుకోండి. నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచా, తలగొట్టి.

వయ్యారిభామ కలుపు మొక్క పీకే పని ప్రతి క్యాంపులోనూ ఉంటుంది. ఒట్టి చేతులతో పీకితే దురదలూ దద్దుర్లూ వస్తాయి. ఆయాసం ఉన్న పిల్లలను అటు పంపనే వద్దు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు గ్లౌజులు వేసుకుని వేళ్లతో సహా లాగండి. పాడుబడ్డ బావి పూడిక తీస్తామనో, సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తామనో ఉత్సాహపడే పిల్లలుంటారు. అడుగున విషవాయువు ఉంటుంది, దిగినవాడు కేక వేసే లోపే పడిపోతాడు. సర్పంచ్ అడిగినా సరే, దిగొద్దు. తుప్పు ఇనుము గుచ్చుకుంటే టీటీ (ధనుర్వాతం టీకా) ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. కుక్క కరిస్తే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకాకు వెళ్లండి.

రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర కలిపే అలవాటు యాభై మంది వంటలో వద్దు.

ఆడపిల్లలకు లోపల గడియ పడే గది, వెలుతురున్న మరుగుదొడ్డి, తోడుగా ఒక మహిళా అధ్యాపకురాలు ఉండాలి. ఈ మూడూ కుదరకపోతే క్యాంపు వాయిదా వేయండి. నెలసరి ప్యాడ్లు అడిగి తీసుకునే పరిస్థితి పెట్టకుండా గదిలోనే ఉంచండి. అత్యవసర సాయానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి.

ఊరివాళ్ల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఇంటింటి సర్వేకు వెళ్లినప్పుడు ఒక అవ్వ పీట వేసి కూర్చోబెట్టి, "ఇది రాసుకుంటే పింఛను వస్తదా బిడ్డా?" అని అడుగుతుంది. వస్తుందని మాత్రం అనకండి. మీరు ఏడో రోజు వెళ్లిపోతారు, ఆమె పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. "మా చేతిలో లేదవ్వా, కార్యదర్శి గారికి చెబుతాం" అనండి, అన్నాక నిజంగా చెప్పండి. పిల్లల ఫోటోలు వాళ్ల అమ్మానాన్నలను అడిగాకే తీయండి.

చివరి రోజు సామాన్లు సర్దే హడావుడిలో "ఒక్కసారి కాలువ దాకా వెళ్లొస్తాం సార్" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. పంపొద్దు. బస్సు ఎక్కాక తలలు లెక్కపెట్టి సరిపెట్టుకోకుండా హాజరు పుస్తకం తీసి పేరుపేరునా పిలవండి. ఆఖరి పేరుకు కూడా జవాబు వచ్చాకే డ్రైవరుకు పోనిమ్మని చెప్పండి.