ఓరుగల్లు పాట కచేరీల హత్య: నవ్వించే పాతకాలపు మిస్టరీ రాసుడెట్ల

ముందుగాల కాలం తేల్చుకోండ్రి. ఓరుగల్లు అనంగనే అందరు కాకతీయుల దిక్కు పోతరు, నిజమే, గణపతిదేవుని ఏనుగుల దళం చూస్కుంట 1253 ప్రాంతంల నృత్తరత్నావళి అనే నాట్యం పుస్తకం రాసిన జాయప సేనాని కన్నా మంచి డిటెక్టివ్ యాడ దొరుకుతడు. కానీ ఆ కథల వయొలిన్ ఉండొద్దు, త్యాగరాజ కీర్తన ఉండొద్దు, ఆయన పుట్టిందే 1767ల. ఆఖరికి మిర్చి బజ్జీ కూడా పెట్టొద్దు, మిరపకాయ అప్పటికి మన దేశానికే రాలె. బజ్జీ లేని కచేరీ నాతోని కాదు.

అందుకే నా ఓటు నిజాం కాలానికి, 1934ల ఆజంజాహి బట్టల మిల్లు వచ్చినంక అనుకోండ్రి. కాజీపేట జంక్షన్ ఉంటది పారిపోనీకి, అమీన్ సాబ్, అంటె అప్పటి పోలీసు అధికారి, ఉంటడు తప్పుడు మనిషిని పట్టుకోనీకి.

సచ్చేది ఎవలూ ఏడ్వని మనిషై ఉండాలె. ముందు వరసల కూసోని తప్పు తాళం గట్టిగ ఏసే దొరవారి బామ్మర్ది అయితే సగం ఊరి మీద అనుమానం దానంతట అదే వస్తది.

హత్య తని ఆవర్తనంలనే చెయ్యాలె. పాట ఆగి మృదంగం ఒక్కటే మోగుతుంటది, సగం మంది చాయ్‌కు లేస్తరు, గంతల పెట్రోమాక్స్ లైటు ఆరిపోతది, మృదంగం మాత్రం ఆగదు. లైటు వచ్చేసరికి బామ్మర్ది ఖతం. తప్పు తాళం ఏసే బామ్మర్ది మీద మృదంగం ఆయనకు ఎంత కోపమున్నా, చీకట్ల వాయిస్తనే ఉండె కదా, ఆయన మీద అనుమానమెట్లొస్తది?

ఇగ క్లూ. రక్తం మరకలు, ఊడిన బొత్తాలు అందరు రాస్తరు, మీరు వాయిద్యంల నుంచే తియ్యుండ్రి. మృదంగం ఎడమ దిక్కు కచేరీకి ముందు రవ్వ తడిపి ముద్ద అంటిస్తరు, ఆ గుమ్మనే శబ్దం దానితోనే, ఎండితే నాదం మారుతది, కచేరీ అయినంక గీకేస్తరు. తెర ఎనక ఇంకో మృదంగం ఉన్నది, దాన్ని ఆ పూట ఎవలూ ముట్టలేదంటున్నరు, మరి దాని ముద్ద ఇంక పచ్చిగ ఎందుకున్నది? చీకట్ల తెర ఎనక దాన్ని వాయించింది ఆయన శిష్యుడు, బామ్మర్దిని ఖతం చేసింది మృదంగం ఆయన అన్నట్టు!

కనిపెట్టేది తంబుర మీటే ముసలామె అయితే మస్తుంటది, అందరి ఎనక కూసుంటది, ఆమెను ఎవలూ పట్టించుకోరు. ఆమె అమీన్ సాబ్‌ను తోల్కొచ్చేలోపు జవాను ఆ ముద్దను గలీజనుకోని చాకుతోని గీకి పారేసుడు మాత్రం మర్చిపోవద్దు.

రాసినంక మృదంగం వాయించేటోళ్లకు ఒకసారి చదివి వినిపియ్యుండ్రి, తని ఆవర్తనంల చాయ్‌కు లేసేటోళ్ల గురించి వాళ్లు చెప్పేయి ఇంకో నాలుగు సీన్లకు సరిపోతయి.